ఎడమ పురి

డిగ్రీ పాసై ఉద్యోగం రాని మగపిల్లవాణ్ణి ఆ రోజుల్లో మా ఇళ్లలో మడత మంచంలా వాడుకునేవాళ్లు. ఎవరింట్లో అవసరం పడితే అక్కడికి మోసుకుపోయి పరిచేవాళ్లు, అవసరం తీరాక తెచ్చి గోడకు ఆనించేవాళ్లు. పెళ్లిలో వడ్డించడానికి నేనే, కరెంటు ఆఫీసు దగ్గర వరసలో నిలబడడానికి నేనే, దవాఖానలో రోగి పక్కన కునికిపాట్లు పడడానికి నేనే, ఎవరైనా పోయి పాడె మోయడానికి ఒక భుజం తక్కువైతే ఆ భుజమూ నాదే. (పాడె మోయడంలో నాకు మంచి పేరుండేది. ఎత్తు సరిగ్గా సరిపోతానని పెద్దవాళ్లు మెచ్చుకునేవాళ్లు. నా డిగ్రీకి దక్కిన మెప్పు అదొక్కటే.) కాబట్టి ఆ యేడు వానాకాలం మొదట్లో అమ్మ నా బట్టలు సంచిలో సర్దుతుంటే, ఎవరింటికని మాత్రమే అడిగాను. ఎందుకని అడిగే అలవాటు పోయింది.

"మామ దగ్గరికి పో బిడ్డా," అంది అమ్మ. "వాడు ఆ లాంచీల ఒక్కడే ఉంటున్నడు. దిగి రమ్మంటే రాడు. నువ్వు పోయి ఆడనే ఉండు."

"ఉండి ఏం చెయ్యాలె?"

"ఏం చెయ్యకు. చూస్తుండు."

"ఏం చూడాలె?"

అమ్మ సంచి మూతి ముడివేసింది. తర్వాత నా ముఖం చూడకుండా, "గోదారి పెరిగే రోజులు. వాడేమో పెండ్లం పోయిన దుఃఖంల ఉన్నడు. నీళ్లల్ల దుంకుతడేమోనని నాకు నిద్ర పడ్తలేదు," అంది. నాకు ఈత రాదని గుర్తు చేశాను. "నిన్ను ఈదమన్ననా? చూడమన్న," అని కసిరి, దారికి జొన్నరొట్టెలు కట్టింది. నేను పుట్టింది ముదిగొండ దగ్గర, గొర్రెలు కాచే ఇంట్లో. అప్పటిదాకా నేను చూసిన లోతైన నీళ్లు మా ఊరి బావిలోవి, అవి కూడా పైనుంచే.

మామ అంటే అమ్మకు సొంత తమ్ముడు. గోదావరి మీద లాంచీ నడిపే సరంగు. భద్రాచలానికి దిగువన రోడ్డు లేని ఊళ్లకు మనుషుల్నీ, బియ్యం బస్తాల్నీ, మేకల్నీ, అప్పుడప్పుడూ శవాల్నీ చేరవేసేవాడు. ఆ లాంచీ మిగతా లాంచీలకన్నా సన్నగా, పొడుగ్గా ఉండేది కాబట్టి రేవుల్లో అందరూ దాన్ని మునక్కాయ అని పిలిచేవాళ్లు. రోడ్లు పడి జీపులు తిరగడం మొదలయ్యాక మునక్కాయ ఎక్కేవాళ్లు లేకుండా పోయారు. యజమాని దాన్ని ఒక చిన్న రేవులో కట్టేయించి, తుక్కుకు అమ్ముడుపోయేదాకా కాపలా ఉండమన్నాడు. మామ, అత్తమ్మ అందులోనే కాపురం పెట్టారు. పిల్లలు లేరు. అత్తమ్మ పుట్టిల్లు చండ్రుగొండ దగ్గర. ఏటా అక్కడినుంచి నల్ల ఉన్ని తెచ్చుకుని, లాంచీ అంచున కూర్చుని నీళ్లు చూస్తూ చేతి కదురుతో వడికేది. దాంతో వచ్చేదేమీ లేదు, ఆమెకదొక సరదా. నేను వెళ్లడానికి ముందటి చలికాలంలో ఒక పొద్దున ఆమెకు గుండెలో నొప్పి వచ్చింది. మామ ఆమెను లోపల పడుకోబెట్టి భద్రాచలం దవాఖానకు లాంచీ తీశాడు. సగం దారిలో ఇంజిన్ ఆగిపోయింది. బతుకంతా ఆ ఇంజిన్ పక్కనే గడిపిన మనిషి, తెలిసిన ప్రయత్నాలన్నీ చేశాడు. అది కదల్లేదు. చేపల నావవాళ్లు చూసి తాడు కట్టి లాగేసరికి అత్తమ్మ లేదు. కర్మలన్నీ అయిన రోజే మామ తిరిగి ఆ లాంచీ ఎక్కాడు. ఇంజిన్‌ను మాత్రం మళ్లీ ముట్టుకోలేదు.

ఇదంతా తెలిసినవాణ్ణి గనుక నేను చాలా గంభీరంగా, ఓదార్పు మాటలు నాలుగు కంఠస్థం చేసుకుని వెళ్లాను. కానీ ఒడ్డుకూ లాంచీకీ మధ్య ఒక సన్నటి చెక్క బల్ల వేసి ఉంది. కింద ఎర్రటి నీళ్లు సుడి తిరుగుతున్నాయి. నా గాంభీర్యం అక్కడే దిగిపోయింది. సంచి మెడకు తగిలించుకుని, రెండు చేతులు, రెండు కాళ్లు ఉపయోగించి ఆ బల్ల మీద పాకాను. గడ్డం మాసిన మామ అంచున కూర్చుని చూస్తున్నాడు.

"ఏంరా అల్లుడా, గొర్రెపిల్ల లెక్క వస్తున్నవ్? మీ అమ్మ పంపిందా?"

"లేదు మామా, గాలి మారుతదని నేనే వచ్చిన."

"ఈడ గాలికి మలేరియా వస్తది," అన్నాడు మామ, మళ్లీ నీళ్లవైపు తిరిగి.

మునక్కాయలో కాపురం గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. పైకప్పు రేకు ఎక్కడ కారదో వెతుక్కుని అక్కడ చాప వేసుకోవాలి, ఆ చోటు రోజుకొక దగ్గరికి మారేది. కిరసనాయిలు పొయ్యి మీద ఒక పూట వండితే రెండు పూటలు తినేవాళ్లం. పెద్ద అల వస్తే గిన్నె జరిగి పులుసు నా ఒళ్లో పడేది. పొద్దున్నే లేచి తల బయట పెడితే గోదావరి ఏదో ఒకటి మోసుకుపోతూ కనబడేది: ఒక చెట్టు, ఒక గేదె కళేబరం, ఒకసారి ఒక ఖాళీ ఊయల. ఆ ఊయల కనుమరుగయ్యేదాకా మామ దాన్నే చూశాడు. నేను మామను చూశాను. నా ఉద్యోగం అదే కదా. ఆయన అంచు దగ్గరికి వెళ్తే నేనూ వెళ్లేవాణ్ణి, మూత్రానికి లేచినా లేచి నిలబడేవాణ్ణి. "ఏందిరా, నీడ లెక్క తిరుగుతున్నవ్?" అని ఆయన విసుక్కుంటే, కాళ్లు పట్టేశాయని చెప్పేవాణ్ణి.

అత్తమ్మ వడకగా మిగిలిన ఉన్ని ఒక పెద్ద గంప నిండా ఉంది, దూదిలా ఏకి సిద్ధంగా పెట్టింది. దాని పక్కనే ఆమె వడికిన నూలు ఉండలు. మా ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. పోయినవాళ్లకు మొదటి పెత్తరమాసనాడు, అంటే పెద్దలకు పెట్టుకునే భాద్రపద అమావాస్యనాడు, కొత్తబట్ట పెట్టాలి. మా గొర్రెల ఇళ్లలో ఆ బట్ట గొంగడి. పోయిన మనిషి మిగిల్చి వెళ్లిన ఉన్ని ఇంట్లో ఉండగా కొనుక్కొచ్చింది పెట్టకూడదు. అందుకని మామ ఆ ఉన్ని వడుకుతున్నాడు. రోజంతా అదే పని. మాట లేదు, రేడియో లేదు, కదురు తిరుగుతూ ఉండేది. "ఇదయిపోయినంక దిగుతవా మామా?" అని అడిగితే, "అయిపోయినంక ఇంక ఉండేదేముంది," అన్నాడు. నాకది మంచి మాటలా వినబడింది. ఉన్ని ఎంత త్వరగా అయిపోతే అంత త్వరగా మామ దిగుతాడు, నేను పొడినేల తొక్కుతాను. వెంటనే నేనూ వడుకుతానన్నాను.

కదురంటే ఏముంది, సన్నటి పుల్ల, దాని కింద బరువుకు ఒక గుండ్రటి బిళ్ల. పుల్లను తొడ మీద అరచేత్తో దొర్లించి వదిలితే గిర్రున తిరుగుతుంది. పైన పట్టుకున్న ఉన్ని పురి పడి నూలవుతుంది. చూడడానికి ఇంతే. నేను మొదటిసారి దొర్లించి వదిలితే నూలు పుటుక్కున తెగి, కదురు తిన్నగా గోదావరిలోకి వెళ్లింది. మామ వెదురు పుల్ల చెక్కి ఇంకొకటి చేసిచ్చాడు. అదీ వెళ్లింది. మూడోదానికి తాడు కట్టి, ఆ తాడు నా నడుముకు కట్టాడు. "అదన్న నిలుస్తది, లేకుంటే ఇద్దరు పోతరు," అన్నాడు. మెల్లగా చేయి కుదిరింది. (నేను ఎడమచేతి వాటం మనిషిని. బడిలో పంతులు కొట్టి కొట్టి కలం ఒక్కటీ కుడిచేతికి మార్చగలిగాడు. మిగతా పనులన్నీ ఎడమచేత్తోనే.) చేయి కుదిరాక ఆ పని మీద నాకు నిజంగానే ఇష్టం పుట్టింది. పైన వాన, కింద నీళ్లు, మధ్యలో నేను, చేతిలో వెచ్చగా గొర్రె వాసన. నా డిగ్రీ చదువులో ఇంత సుఖమెప్పుడూ పడలేదు. ఉన్ని తెగకుండా సాగినప్పుడు కలిగే సంతోషం చూసుకుని, అసలు నన్ను ఇక్కడికి ఎందుకు పంపారో కూడా మరిచిపోయేవాణ్ణి.

ఒడ్డునున్న గూడెం నుంచి ఒక ముసలామె అడవిలో కోసిన లేత వెదురు కొమ్ములు కూరకు తెచ్చిచ్చేది. మేము ఆమెను వెదురు అవ్వ అనేవాళ్లం. మొదటిరోజు మమ్మల్ని చూసి ఆమె గంప దించి, నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వింది. "మగోళ్లిద్దరు కూసోని నూలు వడుకుతున్నరు. మరి వంటెవరు చేస్తరు, గోదారా?" అంది. అత్తమ్మ పోయాక మామ ముఖంలో నవ్వులాంటిది కదలడం నేనప్పుడే చూశాను. వెంటనే ఆగిపోయిందనుకోండి.

ఒక్క విషయం మాత్రం నాకు అంతుపట్టలేదు. నేను రోజంతా వడుకుతున్నాను, మామ వడుకుతున్నాడు, గంప మాత్రం తరగడం లేదు. నేను గూడేనికి బియ్యానికి వెళ్లి వచ్చేసరికి ఇంకొంచెం నిండినట్టు కూడా అనిపించేది. తడి గాలికి ఉన్ని ఉబ్బుతోందేమోనని సరిపెట్టుకున్నాను. (సైన్సు చదివినవాణ్ణి కదా, కారణం వెంటనే దొరికింది.)

మామ అన్నట్టే నాకు మలేరియా వచ్చింది. చలితో పళ్లు టకటకా కొట్టుకుంటుంటే మామ నా మీద చాప, చాప మీద బస్తాలు, బస్తాల మీద ఉన్ని మూట వేసి కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం వాన జోరుగా పడుతుండగా కళ్లు తెరిస్తే, మామ నేను వడికిన ఉండను ఒళ్లో పెట్టుకుని నూలంతా విప్పుతున్నాడు. జానెడు జానెడు పురి విప్పి, వేళ్లతో మళ్లీ దూదిలా చేసి గంపలో వేస్తున్నాడు. జ్వరంలో ఏదేదో కనబడుతోందనుకున్నాను. కళ్లు మూసి తెరిచాను. ఇంకా విప్పుతున్నాడు.

"మామా, అది నేను వడికింది. ఎందుకు విప్పుతున్నవ్?"

మామ దొంగతనం పట్టుబడ్డవాడిలా ఆగాడు. "నీది ఎడమ పురిరా. ఎడమచేత్తో తిప్పుతవు గద, నూలు పురి అటుదిటు పడ్తది. మీ అత్త వడికిందంత కుడి పురి. రెండు కలిపి ముడేస్తే ఒకదాన్నొకటి విప్పుకుంటయి. మగ్గం మీద నిలవదు."

"మొదటి దినమే చెప్పొద్దా మరి?"

"చెప్దామనుకున్న." మామ నూలు కొస వేలికి చుట్టుకుంటూ నీళ్లవైపు చూశాడు. "ఉన్ని అయిపోంగనే మీ అత్త దగ్గరికి పోదామనుకున్నరా. గోదారి ఈడనే ఉన్నది, దూరమేం గాదు. ఇంతల నువ్వొస్తివి. నీ ఎడమచేత్తోని గీ పని పెడ్తివి. విప్పుడు, ఏకుడు, మళ్ల వడుకుడు. ఒక్క ఉండ సక్కగ చేసేసరికి ఇంకోటి పాడు చేసి పెడ్తివి. నాకు చావనీకి తీరికేది?"

నాకు ఒళ్లంతా చెమట పట్టింది. జ్వరం ఆ చెమటతోనే దిగింది, మాత్రలు ఆ పని చేయలేకపోయాయి. ఇన్నాళ్లూ నేను తొందరపెడుతున్నది దేన్నో అప్పటికి తెలిసింది. "అమ్మ నన్ను నీకు కాపలా పెట్టింది మామా," అన్నాను.

"తెల్వదా? మా అక్క తెలివి చూడు, ఈత రానోన్ని పంపింది. నేను దుంకితే నువ్వేం చేస్తవురా? ఒడ్డున నిలబడి ఒర్లుతవు." అని, మళ్లీ నూలు విప్పడం మొదలుపెట్టి, "ఆ ఒర్లుడు తలచుకున్నా భయమే అయితది," అన్నాడు.

మర్నాటి నుంచి నేను మామూలుగా వడకలేదు, కక్షకట్టి వడికాను. ఎడమచేత్తో, వీలైనంత గట్టి పురితో, విప్పడానికి గోళ్లు నొప్పి పుట్టేలా. మామ "చాలు, ఆపరా నాయనా" అని మొత్తుకుంటున్నా నేను ఉండ మీద ఉండ చుట్టి ఆయన ముందు పెట్టేవాణ్ణి. ఒక మనిషి ప్రాణం నా చేతకానితనం మీద ఆధారపడి ఉందని తెలిశాక, చేతకానితనంలో కూడా ఎంత శ్రద్ధ పెట్టవచ్చో నేర్చుకున్నాను.

ఇంతలో గోదావరి పెరిగింది. భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని ఒకరోజు పొద్దున వెదురు అవ్వ కేకలేస్తూ వచ్చింది. "ఓ సరంగూ, గూడెమంత గుట్ట మీదికి పోతున్నది. జల్దీ దిగుండి!" నీళ్లు అప్పటికే రేవు మెట్లు దాటాయి. లాంచీని కట్టిన మోకు సాగి మూలుగుతోంది. ఇంజిన్ ఒకసారి నడిపి చూసి, లాంచీని పక్క వాగులోకి తిప్పుదామని నేను బతిమాలాను. "దాన్ని నేను ముట్ట," అన్నాడు మామ. సరే, దిగుదామన్నాను. "మీరు పోండి. ఇది పోతే నేను దీనితోనే పోత," అని గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. అంత నెమ్మదిగా అన్నాడు కాబట్టే నాకు ఎక్కువ భయమేసింది. కాళ్లు పట్టుకున్నాను. ఏడ్చాను. కంఠస్థం చేసుకొచ్చిన ఓదార్పు మాటలు నాలుగూ ఒకదాని వెంట ఒకటి చెప్పేశాను. ఆయన కళ్లు తెరవలేదు.

అప్పుడు ఏం తోచిందో, అత్తమ్మ నూలూ ఉన్నీ ఉన్న గంప ఎత్తి నెత్తిన పెట్టుకుని బల్ల మీదికి నడిచాను. పాకలేదు, నడిచాను. వెనక మామ "ఒరేయ్, ఉన్ని! యాడికి తీస్కపోతున్నవ్ రా!" అని గావుకేక పెట్టాడు. ఆ కేక విని సంతోషంతో వెనక్కి తిరిగాను. తిరగకుండా ఉండాల్సింది. బల్ల జారింది, నేనూ గంపా నీళ్లలో పడ్డాం. చచ్చిపోతున్నానని, అమ్మకు చెప్పమని, ఇంకా ఏమేమో అరిచాను. ధబ్బుమని మామ దూకిన చప్పుడు వినబడింది. దూకినవాడు నన్ను దాటుకుని వెళ్లి గంపను పట్టుకున్నాడు. నన్ను వెదురు అవ్వ చొక్కా కాలరు పట్టి బయటికి ఈడ్చింది.

"ముందు నన్ను పట్టుకోవా మామా?" అన్నాను బురద కక్కుతూ.

"నువ్వు మొలలోతు నీళ్లల్ల ఉన్నవ్. లేచి నిలబడితే అయిపోతుండె. ఉన్ని నిలబడది గద," అన్నాడు మామ, గంపను గుండెకు హత్తుకుని వగరుస్తూ.

గుట్ట మీదికి ఎక్కి చూస్తుండగానే మోకు తెగింది. మునక్కాయ ఒకసారి అడ్డంగా తిరిగి, ఒక పక్కకు ఒరిగి, వేరే ఏ పనో ఉన్నట్టు దిగువకు వెళ్లిపోయింది. గూడెం జనమంతా నోళ్లు తెరిచి చూశారు. మామ తడిసిన ఉన్ని పిండుతూ, "ఇంజిన్ లేకుండనే పోయింది," అన్నాడు.

నీళ్లు తీశాక ఇల్లు చేరాం. ఉన్ని మిద్దె మీద ఆరేస్తే వీధి వీధంతా ముక్కులు మూసుకుంది. అమ్మ తమ్ముణ్ణి చూసి, నన్ను మెచ్చుకుని, ఇక భయం లేదనుకుని నిద్రపోయింది. నిద్ర లేనిది నాకు. మామ చెప్పిన మాట అమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. మా ఊళ్లో నీళ్లున్న బావులన్నింటికీ నేనే కాపలాదారునయ్యాను. మామ చెంబు పట్టుకుని చెలకల వైపు వెళ్లినా వెనకే వెళ్లేవాణ్ణి, ఊళ్లోవాళ్లు నాకేదో గాలి సోకిందని అనుకున్నారు. మిగిలిన సమయమంతా ఎడమ పురి తిప్పేవాణ్ణి. ఉన్ని తరగకూడదు, అంతే. కానీ పెత్తరమాస దగ్గరపడింది. మా ఊళ్లో గొంగళ్లు నేసే తాత ఒకాయన వచ్చి, మామ విప్పడం చూసి, "ఎందుకయ్యా గీ తిప్పలు? నిలువు పోగుకు కుడిది పెడ్త, అడ్డం పోగుకు ఎడమది కొడ్త. ముడి కలవకుంటే సరిపాయె," అని నా ఉండలన్నీ మూట కట్టుకుని పోయాడు. ఆ ముసలాయన పీక పిసకాలన్నంత కోపం వచ్చింది నాకు. నా దగ్గరున్న ఒక్క ఆయుధమూ పట్టుకుపోయాడు మరి. నూలుకు చింతగింజల గంజి పట్టించి ఆయన మగ్గం ఎక్కించాడు. గంప అడుగు కనబడింది.

పెత్తరమాసనాడు అమ్మ అన్ని కూరలూ వండి, అత్తమ్మ పేర విస్తరి వేసి, దాని ముందు నల్లటి కొత్త గొంగడి మడతపెట్టి పెట్టింది. మొక్కులయ్యాయి, కాకికి ముద్ద పెట్టారు. అందరం తినడానికి కూర్చున్నాం. నేను ముద్ద కలుపుతూ మామనే చూస్తున్నాను. మామ స్నానం చేసి, గడ్డం గీసుకుని, చాలా ప్రశాంతంగా ఉన్నాడు. అదే నన్ను చంపుతోంది. ఆయన తినడం ఆపి, చేయి కడుక్కుని గొంగడి దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. మడత విప్పాడు. అంచులు తడిమాడు. ఒక మూల పట్టుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు, నా ప్రాణానికి మాత్రం యుగంలా అనిపించింది.

"మంచిగనే వచ్చింది," అన్నాడు చివరికి. "ఆమెకు సరిపోతది." తర్వాత గొంగడి మళ్లీ మడత పెడుతూ, అమ్మ వైపు చూడకుండానే అన్నాడు: "అక్కా, ఇంకింత ఉన్ని దొరుకుతదా? చలికాలం వస్తున్నది. నాకొకటి కావాలె."

అమ్మకు అది మామూలు మాటే. "చూద్దాం తియ్యిరా, ముందు బువ్వ తిను," అంది. నేను మాత్రం కూర్చోలేకపోయాను. ఎంగిలి చేత్తోనే లేచి, వీధిలోకి ఉరికి, ఊరి చివర గొర్రెల దొడ్డిదాకా ఆగకుండా పరుగెత్తాను. అది గొర్రెలకు కత్తెర వేసే కాలం కాదని, గొర్రెల ఇంట్లో పుట్టిన నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు. కనబడిన మొదటి గొర్రెను వాటేసుకుని, ఇప్పుడే గొరగమని కాపరిని బతిమాలాను. గొర్రె కడుపులో తన్నింది. కాపరి నన్ను ఎగాదిగా చూసి, ఇంటికి పోయి చేయి కడుక్కోమన్నాడు. నాకిప్పుడు ఉద్యోగముంది, తలలో నెరిసిన వెంట్రుకలున్నాయి, ఏ ఇంటి అవసరానికీ నన్ను ఎవరూ ఎక్కడికీ పంపరు. అయినా ఎంగిలి చేత్తో గొర్రెను కావలించుకుని ఏడుస్తూ నవ్విన ఆ కుర్రవాడు గుర్తొస్తే, నా పెదవుల మీదికి ఒక చిన్న నవ్వు వచ్చి చాలాసేపు పోదు.